అప్‌డేట్: ముడసర్లోవలో బొంగరంలా తిరిగిన పిట్ట

పోయినవారం మన విశాఖపట్నం ముడసర్లోవ రిజర్వాయర్‌లో నీళ్ళ మీద గిరగిరా తిరుగుతున్న చిన్న పిట్ట ఏంటి, లొకేషన్ అందరికీ చెప్పేయొచ్చా అని అడిగాను కదండీ. మీలో ఎక్కువమంది అన్నదే కరెక్ట్, అది రెడ్ నెక్డ్ ఫాలరోప్.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళి గట్టు మీదే కూర్చుని బైనాక్యులర్స్‌లో చూసా, ముక్కు సూదిలా సన్నగా ఉంది, కంటి వెనక నల్ల మచ్చ, బూడిదరంగు వీపు మీద తెల్ల చారలు, దీన్నే పోలి ఉండే గ్రే ఫాలరోప్ అయితే ముక్కు కాస్త మందం, వీపు ప్లెయిన్‌గా ఉంటుంది కాబట్టి డౌట్ తీరిపోయింది. అలా తిరిగితే అడుగు నుంచి నీళ్ళు పైకి లేచి పురుగులు వస్తాయి, వాటిని టకటకా ఏరుకుంటోంది. ఆర్కిటిక్ వైపు గుడ్లు పెట్టి, చలికాలం అరేబియా సముద్రం లాంటి చోట్ల నడిసంద్రంలో గడిపే పిట్ట అండి ఇది, మన ఊరి రిజర్వాయర్‌లో చూస్తుంటే ఒళ్ళు పులకరించింది.

ఒక్కటే బాధ. ఎగిరే ఫోటో కోసం ఒకాయన రాయి విసిరాడు. పిట్ట లేచి నీళ్ళ మీద తేలే సోలార్ ప్యానెల్స్ అవతలకి పోయింది, అరగంట దాకా రాలేదు. అంత దూరం ఎగిరొచ్చి తిండి తినే టైమ్ అది, వద్దు బాబూ అని చెప్తే పాపం కెమెరా దించేసి సారీ అన్నాడు.

లొకేషన్ మాత్రం మీరు చెప్పినట్టే ఆగాను, గురువారం అది కనబడకుండా పోయాకే, చూసిన పక్షుల వివరాలు అందరూ నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించా.