మా విచారణ (కతోలిక పారిష్) గుడి అసలు ఏ ఏడాదిది? తేల్చడం ఎలా?

అందరికీ నమస్కారం. మా విచారణ దేవాలయం చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. "నీకు పాత కాగితాలంటే ఇష్టం కదా" అన్నారు ఫాదర్ గారు. అంతే, ఇరుక్కుపోయాను.

శంకుస్థాపన రాయి మీద ఒక సంవత్సరం ఉంది. గుమ్మం పక్కన పలక మీద ఉన్నది దానికి పదకొండేళ్ల తర్వాతది. రెండోది ప్రతిష్ఠ జరిగిన ఏడాదేమో అని నా అనుమానం. ప్రతిష్ఠ పత్రం ఒక ప్రతి గుడిలో, ఇంకొకటి మేత్రాసన (బిషప్ గారి) కార్యాలయంలో ఉంచాలని 1917 నాటి తిరుసభ (కతోలిక చర్చి) చట్టంలోనూ, 1983 నాటి దానిలోనూ ఉంది. మా బీరువాలో మాత్రం చెదలే మిగిలాయి. మేత్రాసనంలో పాత పత్రాలు చూడాలంటే ఎవరికి, ఏమని రాయాలి?

జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) రిజిస్టరు దొరికింది గానీ, దాని మొదటి పేజీ రాయి మీది ఏడాదికన్నా ముందుది! అంటే ఇప్పటి కట్టడానికి ముందు ఇంకో గుడి ఉండేదా? అంతకు ముందువాళ్ల వివరాలు పక్క విచారణ పుస్తకాల్లో వెతకాలా?

ఇంకొకటి. బలిపీఠం ముందు నేల మీద వేరే రంగు రాళ్ల అతుకు ఉంది. రెండో వాటికన్ మహాసభ (కతోలిక బిషప్పుల సభ, 1962–65) తర్వాత చాలా గుళ్లలో గురువు (ఫాదర్) జనం వైపు తిరిగి పూజ చేసేలా పీఠాన్ని ముందుకు తెచ్చారు కదా, ఇదీ అదేనా? గంట మీద కూడా ఏదో అంకె ఉంది, గోపురం ఎక్కడానికి నాకు ధైర్యం చాలలేదు. గంట మీది ఏడాదిని బట్టి గోపురం వయసు చెప్పొచ్చా, లేక గంటను వేరే చోటి నుంచి తెచ్చి ఉండొచ్చా?

ఇలాంటి పని చేసినవాళ్లు ఉంటే ముందు ఎక్కడ మొదలుపెట్టారో కాస్త చెప్పండి.