బట్టను రీసైకిల్ అయ్యేలా కుట్టాలా, ఎక్కువకాలం మన్నేలా కుట్టాలా?

నూలుపోగు:
సర్క్యులర్ ఫ్యాషన్ గురించి, అంటే పాత బట్టనే మళ్లీ మళ్లీ వాడుకలోకి తేవడం గురించి ఇంత మాట్లాడుతున్నాం. ఈ రంగంలో పనిచేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ అనే సంస్థ 2017 నివేదిక చూస్తే, బట్టల తయారీకి వాడే సరుకులో మళ్లీ కొత్త బట్టగా మారేది 1 శాతం కన్నా తక్కువ. తప్పు యంత్రాలది కాదు, డిజైన్‌ది అంటాను.

ఒక స్ట్రెచ్ జీన్స్ తిరగేసి చూడండి. 98 శాతం కాటన్, 2 శాతం ఎలాస్టేన్ అనే సాగే పీచు. కుట్టుదారం పాలిస్టర్. జేబు మూలల్లో రివెట్లు, నడుం దగ్గర తోలు ముక్క, లోహపు జిప్పు. చింపి పీచు చేయాలంటే ముందు ఇవన్నీ కోసెయ్యాలి. వాటితోపాటు చుట్టూ ఉన్న మంచి గుడ్డా పోతుంది. మిగిలినదాంట్లో ఎలాస్టేన్ సాగి మెషీన్ పళ్లకు చుట్టుకుంటుంది. వీలైనచోటల్లా ఒకే రకం పీచు, ఊడదీయగలిగే గుండీలు, వేడికి కరిగే కుట్టుదారం తప్పనిసరి చేయాలి.

కత్తెర:
నేను ఒప్పుకోనండీ. ఆ 2 శాతం వల్లే ప్యాంటు ఒంటికి హాయిగా ఉంటుంది, బిగుతైందని మూలన పడేయరు. పత్తి పండించడం, వడకడం, అద్దకం... పర్యావరణం మీద భారం చాలావరకు అక్కడే పడుతుంది. ఉన్నదాన్నే ఇంకో రెండేళ్లు తొడుక్కుంటే ఆ మేరకు కొత్తది కొనే పని తప్పుతుంది. పైగా పాత కాటన్ చింపితే పీచు పొట్టిదవుతుంది, గట్టి నూలు కావాలంటే కొత్త పత్తి కలపక తప్పదు. రఫ్‌గా వాడే పని బట్టలైతే పాలిస్టర్ కలిస్తేనే నిలుస్తాయి.

నూలుపోగు:
కత్తెర గారూ, పని బట్టల వరకు సరే. జీన్స్ దగ్గర మాత్రం మీ వాదన తిరగబడుతుంది. వేడికి, ఉతుకులకు ముందు చచ్చేది ఎలాస్టేనే. మోకాళ్ల దగ్గర వదులై ప్యాంటు మూలన పడే నాటికి కాటన్ ఇంకా గట్టిగానే ఉంటుంది. మన్నిక కోసమైనా అది వద్దనే అంటాను.

పడుగుపేక:
ఇద్దరూ డబ్బు సంగతి వదిలేశారు. స్వీడన్‌లో రెన్యూసెల్ అనే కంపెనీ పాత కాటన్ బట్టల నుంచి గుజ్జు తీసి, విస్కోస్ (గుజ్జు నుంచి తీసే పీచు) లాంటివాటికి సరిపడేలా తయారుచేసింది. 2022లో సుండ్స్‌వాల్‌లో ఫ్యాక్టరీ తెరిచింది, 2024 ఫిబ్రవరిలో దివాలా తీసింది. టెక్నాలజీ పనిచేసింది, చాలినన్ని ఆర్డర్లే రాలేదు. తర్వాత వేరే యాజమాన్యం కొని సర్క్యులోస్ అని పేరు మార్చింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి నుంచి పాత బట్టలను విడిగా సేకరించాలి. మంచిదే, కానీ సేకరించాక కొనేదెవరు? ప్రతి కొత్త బట్టలో ఇంత శాతం పాత బట్ట పీచు ఉండాలని చట్టం రావాలి. అది వస్తే విప్పడానికి వీలయ్యే డిజైన్ కంపెనీలే వెతుక్కుంటాయి.

నూలుపోగు:
ఆ చట్టానికి నా మద్దతు ఉంది, ఒక్క షరతు మీద: ప్లాస్టిక్ బాటిళ్ల నుంచి తీసిన పాలిస్టర్‌ను ఆ శాతంలో కలపకూడదు. ఇప్పుడు రీసైకిల్డ్ పాలిస్టర్ అని లేబుల్ వేసుకున్నవాటిలో చాలావరకు బాటిలే. బాటిల్ మళ్లీ బాటిల్ కాగలదు. చొక్కా అయ్యాక దాని ప్రయాణం దాదాపు అక్కడితో ఆగిపోతుంది.