స్కాట్లండ్ తీరంలో లింక్స్ కోర్సులు: నాన్నగారితో తొమ్మిది రోజుల ప్రయాణానికి సలహా కావాలి

నయాకిలా (హైదరాబాదు)

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే ఏడాది జూన్‌లో మా అమ్మానాన్నలతో కలిసి స్కాట్లండ్ వెళ్లి, అక్కడి లింక్స్ (సముద్రతీర) గోల్ఫ్ కోర్సుల్లో ఆడాలని సంకల్పించాను. నాన్నగారికి 67 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగంలో ఉండగా 48వ ఏట గోల్ఫ్ మొదలుపెట్టారు. ఇప్పటికీ వారానికి మూడు ఉదయాలు గోల్కొండ కోట పక్కనున్న కోర్సులో ఆడతారు. ఆయన హ్యాండీక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే మెరుగు) 22, నాది 15. అమ్మ ఎన్నడూ క్లబ్ పట్టుకోలేదు, శాకాహారి, కానీ నడవడమంటే ఇష్టం.

టర్న్‌బెర్రీ గోల్ఫ్ కోర్సులోని లైట్‌హౌస్ ఫొటో ఒకటి ఏదో పత్రిక నుంచి కత్తిరించి, నాన్నగారు తన బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకుని పదిహేనేళ్లయింది. సెయింట్ ఆండ్రూస్‌లో ఓల్డ్ కోర్సు మీదున్న చిన్న రాతి వంతెన, స్విల్కన్ వంతెన మీద ఒక్కసారి నిలబడాలన్నది ఆయన రెండో కోరిక. ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని నేను వేసుకున్న పథకం ఇది: ఎడిన్‌బరోలో దిగి, ఓల్డ్ కోర్సు, కార్నూస్టీ, ఉత్తరాన రాయల్ డోర్నాక్, పడమటి తీరాన టర్న్‌బెర్రీ, రాయల్ ట్రూన్ ఆడి, అక్కడి నుంచి ఐర్లండ్ వెళ్లి బాలీబనియన్, లాహించ్ కూడా చూసి తిరిగి రావడం. మొత్తం తొమ్మిది రోజులు, ఏడు కోర్సులు. అక్కడ ఆడినవారు, అక్కడ నివసిస్తున్నవారు ఇది సాధ్యమో కాదో చెప్పగలరు. ఓల్డ్ కోర్సులో ఆడే అవకాశం ఎలా దొరుకుతుందో వివరిస్తే మరింత మేలు చేసినవారవుతారు.

ఫైఫ్‌తీరం (స్కాట్లండ్)

నమస్కారమండీ. నేను సెయింట్ ఆండ్రూస్‌కు అరగంట దూరంలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మీ పథకం చదివాక ముందుగా చెప్పాలనిపించింది ఒక్కటే: కోర్సులు తగ్గించండి, ఒకే తీరాన్ని ఎంచుకోండి. సెయింట్ ఆండ్రూస్ నుంచి డోర్నాక్ చేరడానికి కారులో దాదాపు నాలుగు గంటలు పడుతుంది. టర్న్‌బెర్రీకి సుమారు మూడు గంటలు. ఐర్లండ్ గణతంత్రం వేరే దేశం కనుక అక్కడి ప్రవేశ నిబంధనలు విడిగా చూసుకోవాలి, బ్రిటన్ వీసా చేతిలో ఉన్నంత మాత్రాన సరిపోతుందనుకోవద్దు. తొమ్మిది రోజుల్లో ఇవన్నీ పెట్టుకుంటే మీ నాన్నగారు ఫెయిర్‌వేల మీద (హోల్ దాకా సాగే గడ్డిబాటల మీద) కన్నా కారు వెనుక సీటులోనే ఎక్కువసేపు గడుపుతారు.

ఓల్డ్ కోర్సు సంగతి కొంచెం వివరంగా చెబుతాను. అది ఏ ధనికుల క్లబ్బుకో చెందినది కాదు. ఆ భూమి ప్రజలది. 1974లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన ట్రస్టు దాని నిర్వహణ చూస్తోంది. అందువల్ల హైదరాబాదు నుంచి వచ్చిన మీకూ అక్కడ ఆడే దారి ఉంది. మొదటి దారి, ముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో ట్రస్టుకు దరఖాస్తు పెట్టుకోవడం. రెండోది బ్యాలెట్ అనే రోజువారీ లాటరీ: ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం 2 గంటలలోగా పేర్లు ఇవ్వాలి, ఫలితం ఆ సాయంత్రమే తెలుస్తుంది. కనీసం ఇద్దరు ఆటగాళ్లు ఉండాలి కాబట్టి మీకూ నాన్నగారికీ ఇది సరిగ్గా సరిపోతుంది. ఒంటరిగా వచ్చేవారు పూర్వం తెల్లవారకముందే వచ్చి వరుసలో నిలబడేవారు; 2024 నుంచి వారికి విడిగా మరో లాటరీ పెట్టారు. ఆదివారం ఓల్డ్ కోర్సులో సాధారణంగా ఆట ఉండదు. ఊళ్లోవాళ్లు కుక్కలను వెంటబెట్టుకుని ఆ గడ్డి మీద తిరుగుతారు.

లాటరీని నమ్ముకుని వచ్చేవారు సెయింట్ ఆండ్రూస్‌లో ఒకటి రెండు రాత్రులు మాత్రమే ఉండి, పేరు రాలేదని నిరాశతో వెళ్లిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఐదారు రాత్రులు అక్కడే ఉంటే ప్రతిరోజూ పేరు ఇవ్వవచ్చు. పేరు రాని రోజున ఆడటానికి అదే ట్రస్టు కింద న్యూ కోర్సు ఉంది. పేరుకు న్యూ అయినా అది 1895 నాటిది. ఓల్డ్ కోర్సును ఆనుకునే ఉంటుంది. జూబిలీ, ఈడెన్ కూడా ఆ వరుసలోనివే. ఓల్డ్ కోర్సు రుసుము వేసవిలో 300 పౌండ్లు దాటుతుంది, అంటే మనిషికి 35 వేల రూపాయలకు పైనే. మిగిలినవాటికి అంత కాదు.

చుట్టుపక్కల తీరం కూడా చిన్నదేమీ కాదు. క్రెయిల్ క్లబ్బు 1786లో పుట్టింది. అక్కడి బాల్కోమీ కోర్సులో మొదటి హోల్ నుంచే సముద్రం కనిపిస్తుంది. ఈలీలో 18 హోల్స్‌లో పదహారు పార్ ఫోర్లు (నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్స్), రెండు పార్ త్రీలు ఉంటాయి, పార్ ఫైవ్ ఒక్కటీ లేదు. మొదటి హోల్‌కు ఎదురుగా గుట్ట అడ్డుగా ఉండటంతో, అవతల ఫెయిర్‌వే ఖాళీ అయిందో లేదో చూడటానికి ఆటగాళ్లను వరుసగా పంపే స్టార్టర్ గదిలో ఒక జలాంతర్గామి పెరిస్కోప్ అమర్చారు. మీ నాన్నగారు దానిలోంచి తప్పక చూడాలి.

తూర్పుగాలి (విశాఖపట్నం)

రెండేళ్ల క్రితం నేను సరిగ్గా మీరు వేసుకున్నలాంటి పథకంతోనే వెళ్లాను. ఆరు రోజుల్లో ఐదు కోర్సులు ఆడాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు గుర్తొచ్చేవి రోడ్డు మలుపులు, పెట్రోలు బంకులు, సాయంత్రం ఏడు తర్వాత వంటగది మూసేసిన హోటళ్లు. హోల్స్ చాలావరకు కలగాపులగంగా ఉన్నాయి. కనుక ఫైఫ్‌తీరం గారి మాట వినమని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఆట గురించి కొంత చెప్పాలి. మా ఊళ్లో సముద్రపు గాలిలో ఆడినవాణ్ని కాబట్టి అక్కడి గాలి నాకు కొత్త కాదనుకున్నాను. ఆ అంచనా పూర్తిగా తప్పింది. మన గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది. అక్కడ జూన్‌లో కూడా మధ్యాహ్నం ఉష్ణోగ్రత 16, 17 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, గాలి చలిగా వీస్తుంది, బంతి మనం అలవాటు పడినంత దూరం పోదు. లింక్స్ అంటే సముద్రానికీ సాగుభూమికీ మధ్యనున్న ఇసుక నేల. మన కోస్తాలో సరుగుడు, జీడిమామిడి వేసే ఇసుక దిబ్బలను తలుచుకోండి. వాటి మీద సన్నని, గట్టి ఫెస్క్యూ గడ్డి పరుచుకుంటే ఎలా ఉంటుందో ఊహించండి. వాన నీరు నిలవదు, నేల గట్టిగా ఉంటుంది, బంతి పడ్డచోట ఆగకుండా ఇరవై, ముప్ఫై గజాలు దొర్లుకుంటూ పోతుంది. ఎత్తుగా కొట్టి గ్రీన్ (జెండా ఉన్న గుంట చుట్టూ ఉండే నున్నని గడ్డి) మీద దించే మన పద్ధతి అక్కడ చాలాసార్లు బెడిసికొడుతుంది. గ్రీన్‌కు చాలా ముందే నేలబారుగా దించి, ఆ నేల వాలు చూసుకుని దొర్లించాలి. ఏడో నంబరు ఐరన్ క్లబ్‌తో నేలబారు దెబ్బ, గ్రీన్ బయట ముప్ఫై అడుగుల నుంచి కూడా పుట్టర్ (బంతిని దొర్లించే క్లబ్) వాడటం, ఈ రెండూ వెళ్లేలోపు మూడు నెలలు సాధన చేయండి. మీ నాన్నగారి వయసులో ఉన్నవారికి ఈ ఆట మేలు చేస్తుంది, ఎందుకంటే బలం కన్నా చూపు ముఖ్యం.

బంకర్లు అనే ఇసుక గుంటలు చిన్నవి, లోతైనవి, గోడ నిటారుగా ఉంటుంది. ముందుకు కొట్టలేని స్థితి వస్తే పక్కకో, వెనక్కో కొట్టి బయటపడాలి. ఓల్డ్ కోర్సులో అలాంటివి 112 ఉన్నాయి, టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర నుంచి చూస్తే సగం కనిపించవు. అందుకే అక్కడ ఒక్కరోజైనా సంచి మోసి దారి చెప్పే క్యాడీని పెట్టుకోండి. ఖర్చు అని ఆలోచించవద్దు. ఏడు గ్రీన్లు రెండేసి హోల్స్‌కు ఉమ్మడిగా ఉంటాయి, ఆ రెండు హోల్స్ సంఖ్యలూ కలిపితే ప్రతిచోటా 18 వస్తుందని నాకు మా క్యాడీయే చెప్పాడు. రెండు, పదహారు ఒకే గ్రీన్. ఏడు, పదకొండు ఒకే గ్రీన్. ఏ జెండా మనదో చెప్పే మనిషి పక్కనుంటే ఎంత నిశ్చింతో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

ఓల్డ్ కోర్సు బగ్గీ (గోల్ఫ్ బండి) మీద తిరిగే కోర్సు కాదు, నడవాలి. నేల చదునుగా ఉండదు. నాన్నగారిని ఇప్పటినుంచే 18 హోల్స్ పూర్తిగా నడిపించండి. వరుసగా మూడు రోజులు ఆడించవద్దు.

ఉత్తరదిక్కు (బెంగళూరు)

పై ఇద్దరూ చెప్పిన దానిలో అధికభాగం ఒప్పుకుంటాను కానీ ఒకచోట విభేదిస్తున్నాను. డోర్నాక్‌ను దూరమన్న ఒక్క కారణంతో కొట్టివేయడం నాకు బాధగా ఉంది. అక్కడ 1616 నుంచే గోల్ఫ్ ఆడారని చెప్పే ఆధారముంది. తరువాతి కాలంలో అమెరికా వెళ్లి పైన్‌హర్స్ట్ నంబర్ 2 అనే ప్రసిద్ధ కోర్సును తీర్చిదిద్దిన డోనాల్డ్ రాస్ పుట్టింది ఆ ఊళ్లోనే, 1872లో. బోర్లించిన పళ్లెంలా పైకి లేచి అంచులు జారిపోయే గ్రీన్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ నేల మీద నడిస్తే అర్థమవుతుంది. మే నెలాఖరున, జూన్ తొలిరోజుల్లో అక్కడి ముళ్లపొదలు పసుపుపచ్చగా పూస్తాయి. ఒకవైపు ఆ పసుపు, మరోవైపు వంపు తిరిగిన ఇసుకతీరం. నేను చూసిన గోల్ఫ్ కోర్సుల్లో అంతకన్నా ప్రశాంతమైనది లేదు. జూన్‌లో అక్కడ రాత్రి పది దాటాక కూడా వెలుతురు ఉంటుంది, సాయంత్రం ఐదుకు మొదలుపెట్టినా ఆట పూర్తవుతుంది.

లాటరీ కోసం ఐదు రాత్రులు ఒకే ఊళ్లో ఉండమనడం కన్నా, ఖాయంగా టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) దొరికే చోటికి వెళ్లడం పెద్దాయనకు మంచిది కాదా?

ఫైఫ్‌తీరం (స్కాట్లండ్)

డోర్నాక్ గొప్పతనం గురించి నాకు భిన్నాభిప్రాయం లేదు. ప్రయాణికులు ముగ్గురే, అందులో ఒకరు ఆడరు, ఆడేవారిలో ఒకరికి 67 ఏళ్లు. నా సలహా ఈ ముగ్గురికే. డోర్నాక్‌కు వెళ్లాలంటే దానికే ఐదు రోజులు కేటాయించి, ఇన్వర్నెస్‌లో దిగి, సెయింట్ ఆండ్రూస్ ఉన్న ఫైఫ్ ప్రాంతాన్ని పూర్తిగా వదిలేయాలి. రెండూ పెట్టుకుంటే రెండూ చెడతాయి. స్విల్కన్ వంతెన మీ నాన్నగారి కోరిక కనుక నేను ఫైఫ్ వైపే మొగ్గుతున్నాను.

అమ్మగారి సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. సెయింట్ ఆండ్రూస్‌లో ఓల్డ్ కోర్సు పక్కనే హిమాలయాస్ అనే పుటింగ్ మైదానం ఉంది. దానిని నడిపే మహిళల పుటింగ్ క్లబ్బు 1867 నాటిది. ఎగుడుదిగుళ్లుగా ఉన్న ఆ గడ్డి మీద కొన్ని పౌండ్లకే ఎవరైనా ఆడవచ్చు, పుట్టర్, బంతి వాళ్లే ఇస్తారు. మా అత్తగారు తణుకు నుంచి వచ్చినప్పుడు చీర కొంగు నడుముకు దోపుకుని అక్కడ రెండు గంటలు ఆడారు; మర్నాడు మళ్లీ తీసుకెళ్లమన్నారు. భోజనం విషయంలో హోటల్ కన్నా వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోండి. బియ్యం, పప్పు ఎడిన్‌బరోలో దిగిన రోజే కొనుక్కుంటే మిగిలిన రోజులు ఇబ్బంది ఉండదు.

సెయింట్ ఆండ్రూస్‌లో రైల్వే స్టేషన్ లేదు. ల్యూకర్స్‌లో దిగి బస్సెక్కాలి. గోల్ఫ్ సంచులతో ముగ్గురు ఉన్నారు కనుక కారే నయం. కార్నూస్టీకి కారులో ముప్పావుగంట చాలు. అక్కడ బ్యారీ బర్న్ అనే వాగు చివరి రెండు హోల్స్‌లో ఎన్నిసార్లు అడ్డుపడుతుందో చూస్తే, 1999లో మూడు దెబ్బల ఆధిక్యంతో చివరి హోల్‌కు వచ్చిన జాన్ వాన్ డి వెల్డె అక్కడ ఏడు కొట్టి, ప్లేఆఫ్‌లో (స్కోర్లు సమానమయ్యాక ఆడే అదనపు హోల్స్‌లో) పాల్ లారీకి ఓపెన్ చాంపియన్‌షిప్‌ను ఎలా చేజార్చుకున్నాడో కళ్లకు కడుతుంది.

నయాకిలా (హైదరాబాదు)

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఆలోచించి, టర్న్‌బెర్రీ ఫొటో బీరువాలో ఉన్నా చాలు, వంతెన మాత్రం చూడాలన్నారు. ఐర్లండ్, డోర్నాక్, పడమటి తీరం ఈసారికి మానుకున్నాం. ఆరు రాత్రులు సెయింట్ ఆండ్రూస్‌లో, రెండు ఎడిన్‌బరోకు తూర్పున ఉన్న నార్త్ బెర్విక్‌లో ఉందామనుకుంటున్నాం. న్యూ, క్రెయిల్, ఈలీ, నార్త్ బెర్విక్ వెస్ట్ లింక్స్‌కు ముందే టీ టైమ్‌లు తీసుకుంటాను, ఓల్డ్ కోర్సుకు ప్రతిరోజూ బ్యాలెట్‌లో పేరు ఇస్తాను. కార్నూస్టీ నాన్నగారి ఓపికను బట్టి నిర్ణయిస్తాం.

రెండు సందేహాలు మిగిలాయి. బ్రిటన్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు వరకూ దరఖాస్తు చేయడానికి వీలు లేదు, టీ టైమ్‌లకేమో అంతకు చాలా ముందే డబ్బు కట్టాలి. ఈ చిక్కు ఎలా దాటారు? రెండోది, ఏ రోజు చేరితే మంచిది?

తూర్పుగాలి (విశాఖపట్నం)

డబ్బు కట్టేముందు ప్రతి కోర్సుకూ ఈమెయిల్ రాసి, రద్దు చేసుకుంటే ఎప్పటిలోగా ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తెప్పించుకోండి. నేను ఒకచోట ఆ పని చేయక పూర్తి రుసుము పోగొట్టుకున్నాను. వీసా దరఖాస్తు కేంద్రం హైదరాబాదులోనే ఉంది కనుక మూడు నెలల గడువు మొదలైన వారంలోనే వెళ్లిరండి. హ్యాండీక్యాప్ ధ్రువపత్రాలు ఇద్దరివీ క్లబ్బు నుంచి తీసుకుని కాగితం మీద కూడా దగ్గర ఉంచుకోండి. నార్త్ బెర్విక్‌లో పదిహేనో హోల్ పేరు రెడాన్. ప్రపంచమంతటా అనుకరించిన పార్ త్రీ అది, గ్రీన్ వెనక్కి వాలుగా ఉంటుంది. జెండా మీదికి కాకుండా దానికి కుడివైపు కొట్టమని నాన్నగారికి చెప్పండి.

ఫైఫ్‌తీరం (స్కాట్లండ్)

శనివారం సాయంత్రానికి సెయింట్ ఆండ్రూస్ చేరేలా చూసుకోండి. సోమవారం ఆటకు శనివారం మధ్యాహ్నం రెండు లోపలే పేరు ఇవ్వాలి కనుక దారిలో ఉండగానే ఫోన్‌లో ఆ పని ముగించండి. ఆదివారం పొద్దున్నే అమ్మగారిని కూడా తీసుకుని ముగ్గురూ ఓల్డ్ కోర్సుకు వెళ్లండి. ఆట ఉండదు, టిక్కెట్టు లేదు, ఎవరూ అడ్డు చెప్పరు. బ్యాలెట్‌లో పేరు వచ్చినా రాకపోయినా స్విల్కన్ వంతెన మీద ఆ రోజే నిలబడవచ్చు. తూర్పు నుంచి సముద్రపు పొగమంచు కమ్మితే ఒక గంట ఆగండి, అది తరచుగా పది, పదకొండుకల్లా విడిపోతుంది. స్వెట్టర్లు మాత్రం మరువకండి.