గేటు లైటు స్విచ్ తీసి టైమర్ పెట్టాలి, న్యూట్రల్ ఎక్కణ్నుంచి తీసుకోవాలి?

ప్రశ్న:
వరండా బోర్డులో గేటు లైటు స్విచ్ స్థానంలో టైమర్ పెట్టాలి. సాయంత్రం 6కి వెలిగి, పొద్దున 5:30కి ఆరాలి. బల్బు 12 వాట్ల ఎల్‌ఈడీ. బోర్డు మాడ్యులరే, నాలుగు స్విచ్‌లు, ఒక సాకెట్. స్విచ్ వెనక ఫేజ్ వైరు, లైటుకు పోయే వైరు తప్ప ఇంకేం లేవు. టైమర్‌కి మాత్రం ఎల్ (ఫేజ్), ఎన్ (న్యూట్రల్), కామన్, ఎన్‌ఓ (టైమర్ ఆన్ అయినప్పుడే కామన్‌తో కలిసేది) అని నాలుగు టెర్మినళ్లున్నాయి. ఎన్‌ని ఎర్త్‌కి కలిపినా నడుస్తుందంటున్నారు, కలపొచ్చా?

జవాబు 1:
ఎర్త్‌కి మాత్రం కలపకండి. నడుస్తుంది నిజమే, చిక్కంతా అక్కడే. ఎర్త్ వైరు ఎక్కడైనా తెగిందంటే టైమర్ గుండా వచ్చే ఫేజ్ నేరుగా ఫ్రిజ్, గీజర్ బాడీల మీదికొస్తుంది.

బోర్డులో సాకెట్ ఉందంటే న్యూట్రల్ ఉన్నట్టే. ఎదురుగా చూస్తే సాకెట్‌లో కుడివైపుది ఫేజ్, ఎడమవైపుది న్యూట్రల్. ప్లేటు ఊడదీసి వెనక నుంచి చూస్తే తారుమారవుతుంది, అందుకే వెనక రాసున్న ఎన్ అక్షరం చూసుకోండి. నల్ల వైరు కదా అని రంగును నమ్మొద్దు. మల్టీమీటర్‌తో చూస్తే ఫేజ్‌కీ దానికీ మధ్య 230 వోల్టుల దగ్గర్లో, ఎర్త్‌కీ దానికీ మధ్య నామమాత్రంగా ఉండాలి.

ఈ కొలత అయ్యాక మెయిన్ దించండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. మెయిన్ పడినా లైట్ల లైన్‌లో ఇన్వర్టర్ ఫేజ్ బతికే ఉంటుంది. మళ్లీ ఒకసారి మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి.

ఫేజ్‌ని ఎల్‌కి ఇవ్వండి. ఎల్ నుంచి కామన్‌కి ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు ముక్కతో లింకు వెయ్యండి. లైటు వైరు ఎన్‌ఓకి, సాకెట్ న్యూట్రల్ నుంచి ఒక వైరు ఎన్‌కి. లింకు మరిస్తే టైమర్ డిస్‌ప్లే వెలుగుతుంది, లోపల టక్‌మని శబ్దమూ వస్తుంది, బల్బు మాత్రం వెలగదు. బిగించాక ప్రతి వైరునూ లాగి చూడండి.

పాత స్విచ్ ఫేజ్ టెర్మినల్లో రెండు వైర్లుంటే రెండోది పక్క స్విచ్‌కి పోయే లూపు. దాన్నీ కలిపే ఉంచాలి, లేదంటే ఆ వరసలో మిగతావి పనిచెయ్యవు.

జవాబు 2:
ఇంట్లో రెండు ఆర్‌సీసీబీలు (కరెంటు లీకైతే ట్రిప్ అయ్యే బ్రేకర్లు) ఉంటే ఒకదాని ఫేజ్, ఇంకోదాని న్యూట్రల్ కలవకూడదు. రెండింటికీ అది లీకేజీలాగే కనిపిస్తుంది.

న్యూట్రల్ అక్కర్లేని రెండు వైర్ల టైమర్ల జోలికి వెళ్లకండి. అవి తమకు కావాల్సిన కరెంటును బల్బు గుండానే లాగుతాయి. 12 వాట్ల ఎల్‌ఈడీ ఆపినా మిణుకుమంటుంది. బ్యాటరీ బ్యాకప్ ఉన్నది తీసుకోండి. బ్యాకప్ లేని డయల్ టైమర్ కరెంటు పోగానే అక్కడే ఆగిపోతుంది. రెండు గంటలు పోతే 6కి వెలగాల్సింది 8కి వెలుగుతుంది. కొనేముందు అది ఎన్ని మాడ్యూళ్ల చోటు తీసుకుంటుందో, గోడలో పెట్టె లోతు సరిపోతుందో కొలవండి.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైందండీ. ఇలాంటిదే బోరు మోటారుకీ పెట్టొచ్చా? 1 హెచ్‌పీ.

జవాబు 3:
నేరుగా వద్దండీ. టైమర్ మీద 16 ఆంప్స్ అని ఉన్నా అది హీటర్‌లాంటి లోడ్‌కి చెప్పిన లెక్క. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నోరెట్లు లాగుతుంది, టైమర్ లోపలి రిలే (చిన్న స్విచ్) కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు టైమ్ అయిపోయినా మోటారు ఆగదు. టైమర్‌తో కాంటాక్టర్ (పెద్ద లోడును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) కాయిల్‌ని ఆడించి, మోటారు లోడు కాంటాక్టర్ మీద వెయ్యండి. డ్రై రన్ (నీళ్లు లేకుండా మోటారు తిరగడం) రక్షణ కూడా తప్పనిసరి. బోరులో నీళ్లున్నదీ లేనిదీ టైమర్‌కి తెలియదు.