మూసీ కింద పంటలో కాడ్మియం: 95 శాతం బయటికే పోతే భయమెందుకు?

వలిగొండ రైతు: తిన్న కాడ్మియం అనే లోహంలో ఒంటికి పట్టేది 3 నుంచి 5 శాతమే. మిగతాది విరేచనంలో పోతుంది. మన నల్గొండ నీళ్ల ఫ్లోరైడ్ అయితే చాలావరకు పట్టేస్తుంది. మరి మూసీ పాలకూర అనగానే విషం అంటరెందుకు?

ల్యాబ్ టెక్నీషియన్: అన్నా, ఎంత పట్టింది అన్నదానికన్నా ఎన్నేళ్లు ఉంటుందన్నది చూడాలె. పట్టిన ఫ్లోరైడ్‌లో పెద్దవాళ్లకు సగం దాకా మూత్రంలో పోతుంది. కాడ్మియం అట్ల పోదు. కాలేయంలో మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. ఆ రెండూ కలిసి మెల్లగా కిడ్నీలకు చేరతాయి. అక్కడ వడపోతలో దిగినా, కిడ్నీలోని సన్న గొట్టాల కణాలు మళ్లీ లోపలికి లాక్కుంటాయి. ఒంట్లో ఉన్నది సగమవడానికి 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది.

వలిగొండ రైతు: 5 శాతం తప్పా ఒప్పా? అది చెప్పు ముందు.

పాలమూరు అక్క: ఆ 5 అందరికీ ఒకటే కాదు తమ్ముడూ. ఇనుము తక్కువున్న ఆడవాళ్లకు 10 దాకా, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. పేగు ఇనుమును తీసుకునే దారిలోనే ఇది కూడా దూరుతుంది. నాకు రక్తం ఎప్పుడూ తక్కువే. డాక్టర్‌కు చెప్తే ఖర్జూరాలు తినమని పంపేశాడు.

కొత్త సభ్యుడు: ఉప్పునీళ్లలో కడిగితే పోదా?

ల్యాబ్ టెక్నీషియన్: పైన మట్టి పోతుంది. వేరు నుంచి ఆకులోకి ఎక్కింది పోదు.

మిర్యాలగూడ: బీడీ పొగలోని కాడ్మియం ఇంతకన్నా ఎక్కువ పడుతుంది. దాని ఊసెత్తరు.

వలిగొండ రైతు: పోయినేడు ఒక వాట్సాప్ వీడియోకు మా కూరను మార్కెట్లో ఎవరూ ముట్టలేదు. మోపులు మోపులు పారబోసినం. నీళ్లు ఖరాబు చేసింది మేమా? మీరేమో కిడ్నీ, ప్రోటీన్ అని పాఠాలు చెప్తరు!

ల్యాబ్ టెక్నీషియన్: నిన్ను ఎవరన్నరన్నా? జపాన్‌లో జింజు నది నీళ్లతో పండిన వరి తిని తోయమా ప్రాంతపు ఆడవాళ్ల ఎముకలు విరిగాయి. గని వదిలిన కాడ్మియమే కారణమని 1968లో అక్కడి ప్రభుత్వం తేల్చింది. బాధితులు కంపెనీ మీద కేసు గెలిచారు, పొలాల మట్టి మార్పించారు. పరీక్ష లేకుంటే ఇవేవీ జరిగేవి కావు. నీ మట్టి, ఆకు పరీక్షకు ఇయ్యి.

వలిగొండ రైతు: ఇస్త. ఎక్కువ తేలితే తెల్లారి నా కూర ఎవరు కొంటరు? మట్టి మార్పించేదెవరు? పరిహారం ఎవరిస్తరో ముందు కాగితం మీద రాయించుకురా. ఆ రోజే శాంపిల్ ఇస్త.

పాలమూరు అక్క: ఆ కాగితం వచ్చేదాకా ఆ ఆకు తినేది మేమే కదా.