వేసవి చెరువులో గాలం ఎక్కడ వేయాలి: తూము దగ్గర లోతులోనా, జమ్ము అంచునా?

పోరుమామిళ్ల, కడప జిల్లా:
1369 నాటి శాసనం ఉన్న మా చెరువు మే నెలలో తగ్గిపోయినప్పుడు, చేపలు చల్లదనం కోసం కట్ట వారన లోతుకు చేరతాయని మా పెద్దలు చెప్పేవారు. గాలం తూము దగ్గరే వేయాలన్నది నా వాదన. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

శింగనమల, అనంతపురం జిల్లా:
అన్నగారూ, చల్లదనం ఒక్కటే చూస్తే మీ మాట సరైనదే. కానీ చేపకు అంతకన్నా ముందు ఊపిరి కావాలి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది, అడుగున ఆకూ అలమూ కుళ్లే చోట ఇంకా తగ్గుతుంది. పచ్చగా చిక్కబడిన నీటిలో పగలు ఆక్సిజన్‌ను వదిలే నాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది కనుక, తెల్లవారుజామున కొరత అన్నిటికంటే ఎక్కువ. ఆ వేళ బొచ్చెలు, రోహులు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలి అనుకుని ఎర వేసేవారిని చాలామందిని చూశాను. ఊపిరాడని చేప ఎరను ముట్టదు. పొద్దెక్కి నీరు తేరుకున్నాక వేయాలి.

కొరమీనుకు ఈ ఇబ్బంది లేదు, అది పైకి వచ్చి గాలినే పీలుస్తుంది. పోయిన వేసవిలో జమ్ము మొదట్లో బుడగ ఒకటి చిట్లింది. ఆ వలయం విచ్చుకునేలోపే కప్పపిల్లను గుచ్చిన గాలాన్ని జానెడు అవతల దించాను. దారం ఒక్కసారిగా జమ్ములోకి ఈడ్చుకుపోయింది. అది మోకాలి లోతు నీరు. ఆషాఢంలో నైరుతి గాలి మొదలైతే మాత్రం, పైనీటినీ మేతనూ గాలి ఈశాన్యపు ఒడ్డుకు నెడుతుంది కాబట్టి నేనూ అటే కూర్చుంటాను.

కర్నూలు:
ఇదంతా నిలవనీటి లెక్క. సుంకేసుల దగ్గర తుంగభద్రకు కొత్తనీరు వచ్చి ఎర్రబడితే, కంటితో వేటాడే చేపకు కప్ప కనిపించదు. అప్పుడు వానపాము గుచ్చి, రాళ్ల వెనుక వడి తగ్గిన చోట అడుగుకు దించితే, మీసాలతో తడుముకుంటూ తిరిగే జెల్లలు పడతాయి. ఒక విన్నపం: తొలకరిలో పిల్లల గుంపును కాచుకుని తిరిగే కొరమీనును దయచేసి పట్టవద్దు. తల్లిదండ్రులను తీసేస్తే ఆ పిల్లలను మిగతా చేపలు మింగేస్తాయి.

పోరుమామిళ్ల:
బొచ్చె, కొరమీనుల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా తాతగారు రాత్రిపూట వాలుగ కోసం వెళ్లేవారని ఇప్పుడు గుర్తుకు వస్తోంది. పగలు లోతు మడుగుల్లో దాగి చీకటి పడ్డాక వేటకు వచ్చే చేప అది. తూము దగ్గర వేయమన్న మాట దాని కోసమే పుట్టి ఉంటుంది, మేము అన్ని చేపలకూ అంటగట్టాము. వాలుగ కోసం నేను తూమును వదలను.