మెల్‌బోర్న్ చలికి గోడంతా బూజు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మేమిద్దరం మెల్‌బోర్న్‌లో పాత యూనిట్‌లో (చిన్న ఫ్లాట్‌లాంటి ఇల్లు) అద్దెకుంటున్నాం. జులై వచ్చేసరికి పొద్దున్నే కిటికీ అద్దాల మీద నీళ్లు ధారకడుతున్నాయి. బీరువా వెనక గోడకు నల్లగా బూజు పట్టింది, నా పెళ్లి పట్టుచీరలు ముక్కిన వాసన! మావారిది నైట్ షిఫ్ట్, పగలు నిద్రపోతారు, పాపం ఆ చలిలో కిటికీ ఎలా తెరవను? బట్టలూ హాల్లోనే ఆరేయాలి. ఏజెంటేమో ‘కిటికీలు తెరవండి’ అంటున్నారు.

విక్టోరియా (మెల్‌బోర్న్ ఉన్న రాష్ట్రం) అద్దె నిబంధనల ప్రకారం కట్టడం లోపం వల్ల చెమ్మ, బూజు ఉండకూడదు. మా గోడకు గట్టర్ (చూరు అంచున వాన నీళ్లు పోయే గొట్టం) కిందే పెయింటు ఉబ్బింది, అందుకే నాకు అనుమానం. లోపం కట్టడానిదేనని ఎలా నిరూపించాలి? ఎవరికి చూపించాలి? డీహ్యుమిడిఫయర్‌కి (గాలిలో తేమ లాగే యంత్రం) కరెంటు బిల్లు బాగా పెరుగుతుందా? జరీ పాడవకుండా చీరల వాసన ఎలా పోగొట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.